వెనక కూర్చుంటున్న కారుకు ఒక కాగితం ఇప్పించండి
(కేంద్ర రవాణా మంత్రిగారికి బహిరంగ లేఖ)



విజయవాడ ఆటోనగర్‌లో కార్లు బాగుచేసే షెడ్ల ముందు కాసేపు నిలబడితే ఒక మాట తరచూ చెవిన పడుతుంది: "వెనక కూర్చుంటోందన్నా, స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద గీసుకుంటోంది." అనేవాళ్లలో ట్యాక్సీ తిప్పేవాళ్లుంటారు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పెళ్లిళ్లకూ తిరుపతికీ పోయే నాబోటివాళ్లూ ఉంటారు. కారు మాత్రం చాలాసార్లు ఒకటే రకం, నాలుగు మీటర్ల లోపు సెడాన్. షెడ్డులో దొరికే వైద్యాలు మూడు. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్ ఇరికించడం ఒకటి. స్ప్రింగు కింద స్పేసర్ పెట్టి ఎత్తు లేపడం రెండోది. అదే కంపెనీ, అదే ప్లాట్‌ఫామ్ మీద చేసిన మరో మోడల్ వెనక స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ తెచ్చి వేయడం మూడోది. మొదటి రెండూ చవక, చకచకా అయిపోతాయి, ఎవరూ అడగరు. మూడోదానికి డబ్బు ఎక్కువవుతుంది, పని కూడా ఎక్కువే. మూడింట్లో పద్ధతైనది అదే. చిత్రమేమిటంటే అనుమతి కాగితం దొరకనిది కూడా దానికే. ఈ లేఖ దాని గురించే.

ఈ కార్లు ఇలా ఎందుకు తయారయ్యాయో మీకు తెలియంది కాదు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కి తగ్గించారు. పొడవు 4 మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు అన్నారు. హ్యాచ్‌బ్యాక్‌లకు సరిపోయే గీత అది. మనవాళ్లకేమో డిక్కీ లేనిదే కారు కారులా కనపడదు. దాంతో కంపెనీలు సెడాన్ తోక కత్తిరించి గీత లోపలికి లాక్కొచ్చాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ వచ్చింది. అదే ఏడాది 4160 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చిన మారుతి డిజైర్, 2012 నాటికి 3995కి కుదించుకుపోయింది. ఆ వెనకే అమేజ్, ఎక్సెంట్, ఆస్పైర్, టిగోర్. హ్యాచ్‌బ్యాక్ వీపున మూట కట్టినట్టు డిక్కీ వచ్చి చేరింది. సెడాన్‌కని కంపెనీలు స్ప్రింగులు వేరే ఎంచుతాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆ స్ప్రింగు ఖాళీ బండిలో మెత్తగా ఉండాలి, షోరూమ్‌కు వచ్చినవాడికి మొదటి మలుపులోనే నచ్చాలి. ఐదుగురు మనుషులతో, రెండు బియ్యం బస్తాలతో టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

బరువు లెక్క ఒకసారి చూడండి. వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లున్న కారులో, వెనక ఇరుసుకు 600 మిల్లీమీటర్లు అవతల, అంటే ఇంచుమించు డిక్కీ నడుమ, 100 కిలోల సామాను పెట్టామనుకుందాం. వెనక చక్రాల మీద పెరిగేది 124 కిలోలు. ఆ పై 24 ఎక్కడివంటే ముందు చక్రాల మీది నుంచి వచ్చినవి. ముందు చక్రాలతో నడిచే ఈ కార్లలో బండిని లాగేవీ, తిప్పేవీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పట్టేవీ అవే. వాటి మీద బరువు తగ్గి స్టీరింగు తేలికవుతుంది. వెనకేమో స్ప్రింగు ఆడటానికి మిగిలిన జాగా అయిపోయి, గుంత వచ్చినప్పుడల్లా బంప్ స్టాప్ రబ్బరుకు ఠక్కున కొట్టుకుంటుంది. మలుపులో అలా కొట్టుకుంటే వెనక చక్రం పట్టు ఒక్కసారిగా మారిపోతుంది.

దీపాల సంగతి ఇంకోటి. వెనక 3 సెంటీమీటర్లు కూర్చుంటే, 25 మీటర్ల అవతల హెడ్‌లైట్ వెలుగు 30 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఎదురొచ్చే బైకువాడి కళ్లలోకే అది పోయేది. చాలా కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది, దీపాలను కిందికి దించేది. దాన్ని తిప్పినవాళ్లు ఎంతమంది అన్నది వేరే సంగతి.

ట్యాక్సీల్లో ఇది ఇంకా ముదురుతుంది, సీఎన్‌జీ సిలిండరు వల్ల. ఉక్కు సిలిండరు, దాన్ని పట్టే ఫ్రేము, లోపలి గ్యాసు అన్నీ కలిసి డిక్కీలో ఒక మనిషి శాశ్వతంగా పడుకున్నంత బరువు. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే రకానికి ఆ బరువును లెక్కలో పెట్టుకునే వెనక సస్పెన్షన్ కుదురుస్తారు. అదే కారును పెట్రోలుతో కొని, తరువాత బయట ఆమోదం ఉన్న కిట్ వేయించుకున్నవాడికి సిలిండరు వస్తుంది, స్ప్రింగు మాత్రం పాతదే. ఆర్టీఓ ఆఫీసులో ఆ కిట్టును ఆర్‌సీలో ఎక్కిస్తారు. ఇంధనం మారిందని రాస్తారు, దాని భారం మోసే స్ప్రింగు గురించి ఎవరూ అడగరు. ఆ యజమాని తెలివిగా కంపెనీ సీఎన్‌జీ మోడల్ స్ప్రింగులే కావాలని విడిభాగాల కౌంటరుకు వెళ్తే, అక్కడి కుర్రాడు ఛాసిస్ నంబరు కొట్టి చూసి, "మీ బండికి ఈ పార్ట్ చూపించట్లేదండీ" అంటాడు. వాడి తప్పేం లేదు, కంప్యూటరులో ఉన్నదే చెప్పాడు. ఇక దారి ఆటోనగర్, లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్. అక్కడ దొరుకుతుంది. దొరికినది అసలుదా కాదా, కొత్తదా తుడిచి రంగేసిన పాతదా అన్నది కొనేవాడి అదృష్టం.

మంత్రిగారూ, ఈ స్ప్రింగు మార్చే పని ఎంత మామూలుదో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. ముందు వైపు స్ట్రట్ విప్పాలంటే స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు కావాలి, చెయ్యి జారితే ప్రమాదం. స్ప్రింగు వేరుగా, షాక్ అబ్జార్బరు వేరుగా ఉండే టోర్షన్ బీమ్ కార్లలో వెనకవైపు ఆ గొడవ ఉండదు. బండిని బాడీ కింద స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్ కింద ఇంకో జాకీ ఆనించి, రెండు షాకర్ల కింది బోల్టులు విప్పుతారు. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు సాగిపోకుండా చూసుకుంటూ జాకీని మెల్లగా దించుతుంటే బీమ్ కిందికి వాలుతుంది, స్ప్రింగు వదులై చేతికి వచ్చేస్తుంది, పైనా కిందా ఉన్న రబ్బరు సీటుతో సహా. కొత్తది పెట్టేటప్పుడు తీగ కొస సీటులోని గాడిలో కూర్చుందో లేదో వేలు పెట్టి తడిమి చూస్తారు. పనితనం తేలేది చివర్లో. షాకరు కింది బోల్టును చక్రాలు గాల్లో ఉండగానే బిగించేవాడున్నాడు, బండిని నేల మీదికి దించి, బరువు పడ్డాక బిగించేవాడున్నాడు. మొదటివాడు బిగించిన బోల్టులో రబ్బరు బుష్ మెలిపడిన చోటే ఉండిపోతుంది, కొన్నాళ్లకు చిట్లుతుంది. రెండోవాడి దగ్గర ఆ గొడవ రాదు. కోయడం, వెల్డింగు, కొత్త రంధ్రాలు ఏవీ లేవు. వద్దనుకుంటే పాతవి తిరిగి బిగించుకోవచ్చు.

ఇంత తేలికైన పనికి నిబంధన దేనికి అంటారా? పని తేలికే, ఎంపిక తేలిక కాదు. కాయిల్ స్ప్రింగు బిగువు తీగ మందం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. చుట్ల సంఖ్య, చుట్టు వెడల్పు అలాగే ఉంచి 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 మిల్లీమీటర్ల తీగ వాడితే బిగువు దాదాపు 38 శాతం పెరుగుతుంది. కంటితో చూస్తే రెండూ ఒకటే. స్ప్రింగుల మీద ఫ్యాక్టరీ వాళ్లు రంగు చుక్కలు పెట్టేది అందుకే. ఆ చుక్కలు రెండేళ్ల బురదలో కనపడకుండా పోతాయి, అప్పుడు కొట్టువాడు కొలిచి చెప్పేది ఎత్తు ఒక్కటే. స్ప్రింగు గట్టిదై షాకరు పాతదైతే బండి గుంతలో దిగి లేచాక ఆగదు, ఊగుతూనే ఉంటుంది. అందుకని స్ప్రింగు, షాకరు, బంప్ స్టాప్ మూడూ ఒకే మోడల్‌వి, రెండు పక్కలా, కొత్తవి పడాలి. ఇంకో చిక్కు: వెనక మరీ గట్టిపడితే, ఖాళీ బండి తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు తోక పక్కకు జారాలని చూస్తుంది. ఏబీఎస్ లేని పాత కార్లు కొన్నింట్లో వెనక బ్రేకు ఒత్తిడిని యాక్సిల్ ఎత్తును బట్టి సర్దే వాల్వు ఉంటుంది. బండిని ఎత్తు లేపితే డిక్కీ ఖాళీగా ఉందనుకుని అది వెనక బ్రేకుకు ఒత్తిడి తగ్గిస్తుంది. స్పేసర్ పెట్టేవాళ్లలో ఈ సంగతి చూసేవాళ్లు అరుదు.

బఫర్లు పెట్టడమూ, స్ప్రింగు కోయడమూ అంతకన్నా దారుణం. బఫర్ ఇరికించిన చోట ఆ చుట్టు కదలదు, భారమంతా మిగిలిన చుట్ల మీద పడుతుంది. చుట్టు కోస్తే ఎత్తు తగ్గుతుంది, బిగువు పెరుగుతుంది, కోసిన కొస సీటులో సరిగా కూర్చోదు. వీటిని ఎవరూ ఆపడం లేదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించినవాటికీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకూ తేడా వచ్చేటట్టు యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న, కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. బాడీ నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చిన బండ్ల గురించి ఆ తీర్పు. అందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు. అదే సెక్షన్ కింది వివరణలో 'మార్పు' అంటే వాహన నిర్మాణంలో చేసే, దాని మౌలిక లక్షణాన్ని మార్చేసే మార్పు అని ఉంది. ఆర్‌సీ తీసి చూస్తే ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, రంగు, సీట్లు, ఖాళీ బరువు, వీల్‌బేస్, సీసీ కనపడతాయి. స్ప్రింగు తీగ మందం ఎక్కడా ఉండదు. అదే కంపెనీ స్ప్రింగు వేస్తే మౌలిక లక్షణం మారినట్టా, మారనట్టా? ఒక ఇన్‌స్పెక్టరు మారలేదంటాడు, పక్క జిల్లా ఇన్‌స్పెక్టరు మారిందంటాడు. ఇద్దరికీ ఆధారం అదే సెక్షన్. మారిందంటే 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. స్ప్రింగులు రెండు, షాకర్లు రెండు వేస్తే అది ఒక మార్పు కిందికి వస్తుందా, నాలుగు కిందికా అని నేనడిగితే జవాబిచ్చినవాళ్లు లేరు. ప్రమాదం జరిగి బీమా సర్వేయరు బండి కింద టార్చి వేసి చూసిన రోజున, ఈ సందిగ్ధమంతా యజమాని నెత్తినే పడుతుంది.

మీ చేతిలోనే తాళంచెవి ఉంది. 2019 సవరణలో 52వ సెక్షన్‌కు ఒక నిబంధన చేర్చారు. వాహనాల మార్పులకూ, రెట్రోఫిట్‌మెంట్‌కూ కావలసిన ప్రమాణాలు, ఆమోద షరతులు కేంద్ర ప్రభుత్వం నిర్దేశించవచ్చు. అలా చేసిన సందర్భాల్లో ఆ మార్పు కారణంగా తయారీదారు ఇచ్చిన వారంటీ చెల్లకుండా పోదు. మార్పు చేశాక 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలన్న ఏర్పాటూ అదే సెక్షన్లో ఉంది. సీఎన్‌జీ కిట్లకు దారి వేసినట్టే, ఒకే ప్లాట్‌ఫామ్ మీది సస్పెన్షన్ భాగాలకూ వేయమని నా మనవి. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న చట్టం కింద ఒక నియమం రాస్తే చాలు.

గీత ఎక్కడ గీయాలో మనవాళ్ల కార్ల చరిత్రే చెబుతుంది. టాటా ఇండికా వెనకాల సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ ఉండేది. దాని నుంచి పుట్టిన ఇండిగో సెడాన్‌కు మూడు లింకుల స్ట్రట్ సస్పెన్షన్ ఇచ్చారు. అక్కచెల్లెళ్ల లాంటి కార్లే అయినా పట్టు బిందువులు వేరు. ఇండిగోది ఇండికాకు వేయాలంటే బాడీ కోసి వెల్డింగు చేయాలి. అలాంటివి ససేమిరా వద్దనండి, నేను మీ పక్షమే. హోండా సంగతి చూడండి: బ్రియో ప్లాట్‌ఫామ్ మీదే అమేజ్ సెడాన్ వచ్చింది, మొబిలియో వచ్చింది, బీఆర్-వీ వచ్చింది. ఈ చివరి రెండూ ఏడుగురు కూర్చునేవి. వీటిలో ఏ స్ప్రింగు ఏ షాకరుతో దేనికి నప్పుతుందో, దేనికి నప్పదో కంపెనీ ఇంజనీర్లకు తెలుసు. తెలిసినా చెప్పరు, చెప్పమని వాళ్లను అడిగినవాళ్లూ లేరు.

అమెరికాలో ఫోక్స్‌వాగన్ 2011 మోడల్ జెట్టా సెడాన్‌కు ఖర్చు తగ్గించుకోవడానికి వెనక టోర్షన్ బీమ్ పెట్టింది, అదే కారులో ఖరీదైన జీఎల్‌ఐ రకానికి మల్టీ లింక్ ఉంచింది. 2014 మోడల్ నాటికి అక్కడి జెట్టాలన్నింటికీ మల్టీ లింకే వేసింది. ఒకే బాడీకి రెండు రకాల వెనక సస్పెన్షన్లు కంపెనీయే వేసి అమ్ముతుందని చెప్పడానికి ఇది రాశాను. జర్మనీలో స్ప్రింగు అమ్మేవాడు దానితోపాటు పరీక్షా నివేదిక ఇస్తాడు, ఏ మోడల్‌కు ఏ షరతుల మీద సరిపోతుందో అందులో ఉంటుంది. బిగించుకున్నాక టీయూవీ లాంటి సంస్థ ఇన్‌స్పెక్టరు బండి చూసి ధ్రువీకరిస్తాడు, వాహన పత్రాల్లో ఎక్కుతుంది. అంత శాస్త్రం మన దగ్గర రేపటికల్లా రాదు. మనకు కావలసింది అంతకన్నా చిన్నది కూడాను. బయటి కంపెనీల స్ప్రింగులను నేనిప్పుడు అడగడం లేదు.

అడిగేది ఇది. ప్రతి కంపెనీ తన ప్లాట్‌ఫామ్‌కు ఒక పట్టిక ప్రకటించాలి. ఈ సెడాన్‌కు, ఈ సంవత్సరాల బండికి, మా ఫలానా మోడల్ వెనక స్ప్రింగు, షాకరు, బంప్ స్టాప్ జతగా పనికొస్తాయి అని, పార్ట్ నంబర్లతో, రంగు గుర్తులతో. నప్పవని వాళ్ల ఇంజనీర్లు తేల్చినవి పట్టికలో ఉండవు, సరే. పట్టికలో ఉన్నవి కౌంటరులో అడిగితే ఇవ్వాలి. బిగించిన వర్క్‌షాపు నాలుగు చక్రాల దగ్గర బండి ఎత్తు కొలిచి, హెడ్‌లైట్లు సరిచేసి సంతకం పెట్టాలి. యజమాని 14 రోజుల్లో వాహన్ పోర్టల్లో ఎక్కిస్తే ఆర్‌సీలో ఒక గీత చేరాలి. బీమా నియంత్రణ సంస్థతో మాట్లాడి ఆ గీత ఉన్న బండి క్లెయిమును స్ప్రింగు పేరుతో తోసిపుచ్చకుండా చూడాలి. అనుమతించిన మొత్తం బరువు మాత్రం ఒక్క కిలో కూడా పెరగకూడదు. ఇది ముఖ్యం, ఎందుకంటే స్ప్రింగు గట్టిపడింది కదా అని ఇంకో బస్తా వేసేవాళ్లు మనలో ఉన్నారు. బ్రేకులు, టైర్లు, చక్రాల బేరింగులు పాతవే.

కంపెనీలు అభ్యంతరం చెబుతాయని తెలుసు. కారు మొత్తాన్ని ఒకటిగా పరీక్షించి ఆమోదం తెచ్చుకున్నాం, ఒక ముక్క మారిస్తే బాధ్యత మాది కాదు అంటాయి. ఆ మాటలో సగం నిజం ఉంది. అందుకే ఎంపిక వాళ్లనే చేయమంటున్నాను. మిగతా సగం వ్యాపారం: సీఎన్‌జీ మోడల్ స్ప్రింగు విడిగా దొరికితే సీఎన్‌జీ మోడల్ కొనేవాళ్లు తగ్గుతారన్న బెంగ. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు మీకున్నాయి. పట్టికలు సరైనవో కాదో నమూనాగా కొన్ని బండ్ల మీద చూడమంటే చూడగలవు.

అంబాసిడర్ రోజుల్లో వెనక కమాను కట్టలో ఇంకో పట్టీ వేయించుకోవడం ట్యాక్సీవాళ్లకు మామూలు. ఆ కారు తయారీ 2014లో ఆగింది, అలవాటు ఆగలేదు. అప్పుడు పట్టీ, ఇప్పుడు రబ్బరు బఫర్.

పనిలో పని, మీ శాఖ పరిధిలోదే ఇంకోటి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం, 25 కిలోమీటర్ల వేగంతో దాటాల్సిన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఊళ్లలో కనిపించేవి జానెడు వెడల్పున గోడలా లేచి ఉంటాయి. వాటిని పద్ధతిలో పెడితే సగం మందికి స్ప్రింగు మార్చాలన్న ఆలోచనే రాదు. కానీ ఆ పనికి పంచాయతీలూ మున్సిపాలిటీలూ అన్నీ కదలాలి. ఈ నియమానికి మీ శాఖ ఒక్కటి కదిలితే సరిపోతుంది. ముసాయిదా గెజెట్‌లో పెట్టి, ఎప్పటిలా అభ్యంతరాలకు 30 రోజులు గడువివ్వండి. తెలుగులోనూ ఒక ప్రతి వేయిస్తే, ఆటోనగర్ షెడ్లలో స్ప్రింగులు మార్చే చేతులే మీకు జవాబులు రాస్తాయి. ఏ బోల్టును ఎప్పుడు బిగించాలో నియమంలో ఎక్కడ రాయాలో కూడా వాళ్లే చెబుతారు.

భవదీయుడు,
విజయవాడ నుంచి ఒక చిన్న సెడాన్ యజమాని